బుద్ధిగా కూర్చున్న పిల్ల

డ్రిల్లు మాస్టరుగా కొత్తగా చేరేవాళ్ళకి నేను మొట్టమొదట చెప్పేది, మంచి విజిల్ ఒకటి సొంతంగా కొనుక్కోమని. బడివాళ్ళు ఇచ్చేదాన్ని నమ్ముకోకండి. లోపలి గింజకి ఉమ్ము తగిలిందంటే అది కూయడం మానేసి మూలుగుతుంది. జంషెడ్‌పూర్‌లో ఒక తెలుగు బడిలో ఇరవై ఏడేళ్ళు డ్రిల్లు మాస్టరుగా పనిచేసి నేను సంపాదించిన జ్ఞానంలో సగం ఇదే.

మిగతా సగం యోగా పీరియడులో వచ్చింది. నా ప్రమోషన్ల సంగతి, సీనియారిటీ తగాదాల సంగతి ఇక్కడ రాయను. అవి మా ఆవిడకి కంఠతా వచ్చు, కావలసినవాళ్ళు ఆవిడని అడగొచ్చు. ఇప్పుడు ప్రతి బడిలోనూ ఎదిగే పిల్లల మనసు కుదుటపడాలని యోగా పెడుతున్నారు కదా, మేం ఆ పని డెబ్బైల చివరలోనే చేశాం. పిల్లల మనసు మాట దేవుడెరుగు, ముందు నా మోకాళ్ళు పోయాయి. అందులోనే నేనొక పెద్ద తప్పు కూడా చేశాను. మీరు చెయ్యకుండా ఉంటారని చెబుతున్నాను.

తాను దూర సందు లేదు

మా హెడ్మాస్టరుగారు ఒక వేసవిలో ఏదో ఆశ్రమంలో పది రోజులుండి వచ్చారు. వెళ్ళేటప్పుడు ఆయనకి బీపీ, కోపం రెండూ ఉండేవి. వచ్చాక బీపీ తగ్గింది. వచ్చిన మర్నాడే స్టాఫ్ రూములో నిలబడి, తొమ్మిది, పది తరగతులకి రోజూ పొద్దున్న ఆరున్నరకి, ఖాళీ కడుపుతో, యోగా జరగాలని ప్రకటించారు. చెప్పేదెవరని ఎవరో అడిగారు. అందరూ నా వంక చూశారు.

నాకు కబడ్డీ వచ్చు, ఖోఖో వచ్చు, పద్మాసనం రాదండీ అని మొరపెట్టుకున్నాను. మీకు శరీరం ఉంది కదా మాస్టారూ అన్నారాయన. ఉంది, ఉండవలసిన దానికంటే కొంచెం ఎక్కువే ఉంది. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు నన్ను పదిహేను రోజుల ట్రైనింగుకి రాంచీ పంపించారు. మొదటి రోజు నా కాళ్ళు రెండూ మడతపడ్డాయి గానీ విప్పడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చారు. పదిహేనో రోజున సర్టిఫికెట్ ఇచ్చారు. ఎందుకిచ్చారో నేనూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

ఆ వయసు పిల్లల గురించి ఇక్కడొక మాట. వెన్ను వంగకపోవడం వాళ్ళ బాధ కాదు. కోతిపిల్లల్లా వంగుతారు. మొగపిల్లలకి కార్ఖానాలో అప్రెంటిస్ పరీక్ష గుండెల మీద కూర్చునుండేది. ఆడపిల్లలకి మెట్రిక్ అయ్యాక ఏమిటన్నది. పరీక్షల ముందు వాంతులు చేసుకునేవాళ్ళు, గోళ్ళు రక్తం వచ్చేదాకా కొరికేవాళ్ళు, ఉన్నట్టుండి ఏడ్చేవాళ్ళు, అందరినీ నా దగ్గరికే తోలేవారు. వాటికి అప్పుడు మా దగ్గర మూడే పేర్లుండేవి: దిష్టి, గాలి, ఒళ్ళు బలుపు. నేను మూడోది ఎక్కువ వాడేవాణ్ణి.

గాండ్రింపు రద్దయిన విధం

నాకు వచ్చిన ఆసనాల్లో పిల్లలకి నిజంగా నచ్చింది సింహాసనం ఒక్కటే. మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు పెద్దవి చేసి, నాలుక గడ్డం దాకా చాపి, గొంతు చించుకుని గాండ్రించాలి. మొదటి రోజు నలభై మంది ఒక్కసారి గాండ్రించేసరికి ఆఫీసులో గుమాస్తా సిరా బుడ్డి ఒలకబోసుకున్నాడు. హెడ్మాస్టరుగారు పరిగెత్తుకొచ్చారు. యోగా అంటే శాంతి, ఈ అడవి గోల ఏమిటని, ఆ ఆసనాన్ని అక్కడికక్కడే రద్దు చేశారు. దాని బదులు ఇరవై నిమిషాలు మౌనం, ధ్యానం.

ఆయనే వచ్చి ముందు వరసలో శవాసనం వేసేవారు. మూడు నిమిషాలకి గురక మొదలయ్యేది. నలభై మంది కళ్ళు మూసుకుని నవ్వు బిగపట్టుకోవడం ఎంత కష్టమో చూసినవాడికే తెలుస్తుంది. ఆ గురక పిల్లలకి చాలా మేలు చేసిందని నా అభిప్రాయం. ఆరు నెలల్లో వాళ్ళు మనసారా ఊపిరి వదిలింది ఆయన లేచి వెళ్ళాకే.

ఆ నవ్వులో కలవని పిల్ల ఒక్కతే, పదో తరగతి గౌరి. కళ్ళు మూసిందంటే మూసిందే. ఒకసారి ముక్కు మీద ఈగ వాలి, నుదుటి దాకా నడిచి, తనే విసిగి ఎగిరిపోయింది. పిల్ల కదల్లేదు. నేను మురిసిపోయాను. గౌరిని చూసి నేర్చుకోండిరా అని దాన్ని ముందర బల్ల మీద కూర్చోబెట్టాను. మొగపిల్లలు దాన్ని 'మాతాజీ' అనడం మొదలెట్టారు, ఎదురుపడితే 'ప్రణామ్ మాతాజీ' అని దారి ఇచ్చేవారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకి ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆనందబాష్పాలు

ఒకనాడు ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. అప్పటికి ఇదంతా బీహారే, ఆయన పాట్నా మనిషి. హెడ్మాస్టరుగారు ఆయన్ని నేరుగా యోగా క్లాసుకి తీసుకొచ్చారు. గౌరి బల్ల మీద పద్మాసనంలో ఉంది. ఇరవై నిమిషాలయింది, గంట కొట్టారు, అందరూ లేచారు. గౌరి లేవలేదు. మూసిన కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. చప్పుడు లేదు, వెక్కు లేదు.

ఇన్‌స్పెక్టరుగారు నా వంక చూశారు. నాకేం తెలుసు? నోటికొచ్చింది చెప్పాను, ఆనందబాష్పాలండీ అని. ధ్యానం పండితే ఇలాగే వస్తాయని కూడా కలిపాను. ఆయన చెప్పులు విడిచి ఆ పిల్లకి నమస్కారం పెట్టారు. హెడ్మాస్టరుగారి కళ్ళు కూడా చెమర్చాయి. ఇద్దరూ నా భుజం తట్టి టిఫినుకి వెళ్ళారు.

బడిలో గంట కొట్టే ఆయా రావులమ్మ అని ఉండేది. శ్రీకాకుళం నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళయినా యాస కాస్త కూడా అరగలేదు. మాస్టర్లందరినీ నువ్వనే అనేది, ఎవరూ కాదనేవారు కాదు. వచ్చి కొంగుతో గౌరి మొహం తుడిచింది.

"ఆనందం ఏటి బాబూ. గుంట ఏడుత్తంది. నెల్లాళ్ళ బట్టి ఏడుత్తంది. నువ్వు కళ్ళు మూసుకుని కూకుంటావు, నీకేటి కనపడతాది?"

ఇరవై ఏడేళ్ళ సర్వీసులో నా పని మీద వచ్చిన రిపోర్టుల్లో నిజమైనది అదొక్కటే. ఏమైందమ్మా అని గౌరిని అడిగాను. 'కుఛ్ నహీ సర్' అంది, పెదవులు మాత్రం కదిలాయి. అప్పుడు ఆలోచిస్తే, ఆ ఏడాదిలో దాని గొంతు నేనెప్పుడూ వినలేదు.

రెండు రోజులకి గౌరి తల్లి వచ్చింది. వచ్చే వారం శనివారంలోగా మెట్రిక్ ఫారం నింపి తండ్రి సంతకంతో ఇవ్వాలి, ఆయన పెట్టనంటున్నాడు. పిల్లకి గాలి సోకిందని పర్సుడీహ్‌లో ఎవరి చేతో తాయెత్తు కట్టించారు, తగ్గలేదు. మాటాడని పిల్లకి చదువెందుకు, ఆ యోగాయే దాన్ని మూగదాన్ని చేసేసిందని తండ్రి అంటున్నాడట. ఆవిడ ఇదంతా గుసగుసగానే చెప్పింది. బడిలో అంత గుసగుస ఎందుకో నాకప్పుడు తట్టలేదు.

ఫారం గడువు దాటిపోతే గౌరి చదువు అక్కడితో సరి. మళ్ళీ ఏడాది పంపిస్తారని ఎవరూ అనుకోలేదు, నేనైతే అసలు అనుకోలేదు.

చప్పుడు లేని ఇల్లు

ఆదివారం పొద్దున్న పదింటికి భాలుబాసాలో వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు కొట్టబోతే తల్లి నా చెయ్యి పట్టేసుకుని ఆపింది. ఒకటే గది, ఒక వరండా. గదిలో మంచం మీద తండ్రి సన్యాసిరావు నిద్రపోతున్నాడు. ఆయన పని కార్ఖానాలో ఇనుము సాగదీసే రోలింగ్ మిల్లులో, ఆ వారం సి షిఫ్టు. రాత్రి పదికి వెళితే పొద్దున్న ఆరింటికి దిగడం. ఆయన తమ్ముడిది మరో షిఫ్టు. ఒకరు లేస్తే ఒకరు పడుకుంటారు. ఆ మంచం ఖాళీగా ఉండగా ఎవరూ చూడలేదు.

అందుకని ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు. టీలో పంచదార ఎంత అని తల్లి వేళ్ళతో చిటికె చూపించి అడిగింది. నేను రెండు వేళ్ళు చూపించాను. గిన్నె మూతలకి గుడ్డ పీలికలు కట్టి ఉన్నాయి, గౌరి పట్టీలకి మువ్వలు తీసేశారు. పప్పు రుబ్బడం పక్కింట్లో. రేడియో మీద ముసుగు కప్పి, దాని మీద దేవుడి పటం పెట్టారు. గౌరి మూల కూర్చుని హిస్టరీ పాఠం అప్పజెప్పుకుంటోంది, పెదవులతో. ఇంటెడు మందీ ఏళ్ళ తరబడి అలాగే బతుకుతున్నారు. ఆయన లేచి ఉన్నప్పుడు కూడా అదే అలవాటు. ఎందుకంటే లేస్తూనే ఆయన కేకలేస్తాడట, మహా కోపిష్టి అట. ఇదంతా తల్లి సగం సైగలతో, సగం నా చెవిలో చెప్పింది.

పొద్దస్తమానం నోరు కట్టేసుకుని ఉన్న పిల్లని పట్టుకుని, నేను బల్లెక్కించి మరో ఇరవై నిమిషాలు నోరు మూయించాను. దాని జబ్బునే దానికి మందుగా ఇచ్చాను. నాకు తెలియాల్సిన సంగతే. మా నాన్న టాటానగర్ స్టేషన్‌లో రాత్రి డ్యూటీలు చేసినవాడే. ఆయన నిద్రపోతుంటే మేం మొగపిల్లలం వీధిలోకి పోయి గొంతు పగిలేలా అరుచుకునేవాళ్ళం. మా అక్క ఎక్కడికి పోయి అరిచేదో నేను ఆ ఆదివారం దాకా ఆలోచించలేదు.

ఆ ఆలోచనలో టీ గ్లాసు వేలికి చురుక్కుమంది, వదిలేశాను. స్టీలు గ్లాసు. గచ్చు మీద పడి, మోగుకుంటూ గదిలోకి దొర్లి, మంచం కోడుకి ఠంగున తగిలింది. తల్లి గుండెల మీద చెయ్యి వేసుకుంది. గౌరి కళ్ళు మూసుకుంది, అచ్చం నా క్లాసులో మూసుకున్నట్టే.

సన్యాసిరావు కదల్లేదు. ఊపిరి లయ కూడా తప్పలేదు. పాపం అలిసిపోయాడని తల్లి సైగ చేసింది. నాకు మాత్రం వేరే అనుమానం వచ్చింది. మైదానంలో విజిల్ వేస్తే తిరగని పిల్లాడికి పొగరన్నా ఉండాలి, చెవుడన్నా ఉండాలి. నిద్రలో ఉన్నవాడికి పొగరెక్కడిది?

విజిల్

సోమవారం యోగా క్లాసు హెడ్మాస్టరుగారికి అప్పజెప్పాను. ఆయన సంతోషంగా పడుకున్నారు. నేను సాక్చీలో, సి షిఫ్టువాళ్ళు సైకిళ్ళు ఆపుకుని టీ తాగే కొట్టు దగ్గరికి వెళ్ళాను. సన్యాసిరావు నాకు వీపు పెట్టి, బన్ను టీలో ముంచుకుని తింటున్నాడు. పదడుగుల దూరంలో నిలబడి, ఊపిరి బిగబట్టి, విజిల్ ఊదాను.

టీ కొట్టువాడు పాలు ఒలకబోశాడు. రెండు రిక్షాలు టక్కున ఆగాయి. చౌరస్తాలో పోలీసు కానిస్టేబులు నావైపు నడిచి రావడం మొదలెట్టాడు. సన్యాసిరావు ఇంకో ముక్క ముంచుకున్నాడు.

కానిస్టేబులుకి ఏదో సర్దిచెప్పి, సన్యాసిరావు ముందుకి వచ్చి నిలబడ్డాను. చూడగానే లేచి దండం పెట్టాడు. ఏరు అవతల ఉన్నవాడితో మాట్లాడినట్టు, వీధంతా వినపడేలా, ఏటి మాస్టారూ ఇలగొచ్చారు అన్నాడు. ఇంట్లోవాళ్ళు కోపం అనుకుంటున్నది ఇదన్నమాట. పక్కకి తీసుకెళ్ళి, పెదవులు బాగా కదిలిస్తూ, ఎన్నాళ్ళయింది అని చెవి చూపించాను. మొహం పాలిపోయింది.

"నాలుగేళ్ళయినాది. లావు చప్పుడు కుసింత అందుతాది, ఉరుము లాటిది. ఈల లాటి సన్నవి ఇనపడవు. కంపెనీ డాక్టరుకి తెలిత్తే మిల్లులోంచి తీసేత్తారు మాస్టారూ. ఇంటికాడ కూడా సెప్పనేదు."

మిల్లు మోతలో ఎలాగూ అందరూ సైగలతోనే మాట్లాడుకుంటారు, ఇంట్లోనూ సైగలే, ఇంక ఎవరికి తెలుస్తుంది? ఇంట్లో ఎందుకు మాట్లాడరో తెలుసా అని అడిగాను. అతను వింతగా చూశాడు. పెదవులు ఆడుతూనే ఉంటాయి కదా, మాట్లాడుతూనే ఉన్నారనుకున్నాడు. తనకే వినపడడం లేదనుకున్నాడు. గౌరి మాత్రం తనని చూస్తే పెదవులు కూడా ఆడించదు, తండ్రంటే అసయ్యం పుట్టిందనుకున్నాడు.

మీ నిద్ర చెడిపోతుందని నాలుగేళ్ళుగా ఊపిరి కూడా గట్టిగా పీల్చడం లేదయ్యా వాళ్ళు, అని చెప్పాను. రెండుసార్లు చెప్పవలసివచ్చింది. బన్ను టీలో మునిగిపోయింది, అతను చూసుకోలేదు. ముసుగు కప్పిన రేడియో సంగతి అడిగాడు. పాడైపోయిందనుకున్నాడట.

ఈ సంగతి నా నోట కంపెనీకి చేరదని మాటిచ్చాను, నిలబెట్టుకున్నాను. తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు, మీరైతే ఏంచేస్తారో మీరే ఆలోచించుకోండి. ఇంట్లో మాత్రం చెప్పి తీరాలన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఫారం సంగతి ఎత్తాను.

"గుంట నాతో ఒక్క మాట మాటాడమనండి. ఆ రోజే సంతకం ఎట్టెత్తాను."

కంచె దగ్గర

ఆ తర్వాత చేసిన పనికి నాకు మెమో వచ్చింది, అది ముందే చెప్పేస్తున్నాను. ఇరవై ఏడేళ్ళలో వచ్చిన మెమో అదొక్కటే, దాచుకున్నాను. ఉద్యోగంలో పైవాడి మాట వినాలి, నిజమే. కానీ పిల్ల ఏడుస్తుంటే ఆనందబాష్పాలన్నవాడిని నేను, నమస్కారం పెట్టినవాడు మా ఇన్‌స్పెక్టరు. మా ఇద్దరి మాట కంటే ఆయా మాట నయమని తేలిపోయింది కదా. మీ తరగతిలో అల్లరి చేసేవాడి గురించి బెంగపడకండి, వాడు ఎలాగో బతుకుతాడు. ఏ గొడవా లేకుండా, మీకు పేరు తెస్తూ, బుద్ధిగా కూర్చున్న పిల్ల దగ్గరికి మాత్రం రోజుకొకసారి వెళ్ళి, ఏదో ఒకటి మాట్లాడించండి.

బుధవారం ఆరున్నరకి పిల్లల్ని క్లాసులో కాకుండా మైదానం చివర, రోడ్డు పక్క ఇనప కంచె దగ్గర కూర్చోబెట్టాను. సి షిఫ్టు సైకిళ్ళు ఆ రోడ్డునే వస్తాయి. ఇవాళ సింహాసనం అన్నాను. హెడ్మాస్టర్ సర్ తిడతారని ఒకడు హిందీలో గుర్తుచేశాడు. తిట్టేది నన్ను కదా అన్నాను. మొదట సిగ్గుపడ్డారు. ఆ వయసులో పదిమందిలో నాలుక చాపడమంటే చచ్చేంత పని. ముందు నేను మొదలెట్టాను. నా మొహం చూసి నవ్వు ఆపుకోలేక గాండ్రించడం మొదలెట్టారు.

గౌరి నోరు తెరిచింది, నాలుక చాపింది. చప్పుడు రాలేదు. పక్కన కూర్చున్నాను.

"ఇక్కడ ఎవులూ తొంగోలేదమ్మా, హెడ్మాస్టరుగారు తప్ప," అన్నాను, ఎవరూ నిద్రపోవడం లేదని వాళ్ళింటి మాటలోనే.

పెదవి చివర నవ్వులాంటిది కదిలింది. మళ్ళీ నోరు తెరిచింది. తుప్పుపట్టిన తలుపు తెరిచినట్టు ఏదో గీరుకుంటూ వచ్చింది, ఆగింది, దగ్గింది. మూడోసారి గాండ్రించింది చూడండి, నా ఒళ్ళు జలదరించింది. మిగతా పిల్లలు ఒక్కొక్కరే ఆపేశారు. మాతాజీ అన్నవాళ్ళు మోకాళ్ళ మీదే వెనక్కి జరిగారు. అది ఆపలేదు. ఊపిరి తీసుకుని మళ్ళీ, మళ్ళీ. అంత సన్నటి పిల్లలో అంత గొంతు ఎక్కడ పట్టిందో తెలియదు. హెడ్మాస్టరుగారు బనీనుతో వరండాలోకి వచ్చి, అక్కడే నిలబడిపోయారు. మొన్న బల్ల మీద ఏడ్చిన ఏడుపంతా ఆ గాండ్రింపులో బయటికి వస్తోందని నాకనిపించింది. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

కంచె అవతల సైకిళ్ళు ఆగాయి. వాటి మధ్య ఒక కాలు నేల మీద ఆన్చి, సన్యాసిరావు. విజిల్‌కి తిరగని మనిషి, తల పక్కకి వంచి ఇటే చూస్తున్నాడు.

"మాస్టారూ," అని రోడ్డంతా వినపడేలా అరిచాడు. "అది మా గౌరేనా? దీని గొంతు ఇలగైపోనాదేటి? నాను ఇన్నప్పుడు సిన్నగుంట గొంతు."

గౌరి ఉలిక్కిపడి లేచింది. తండ్రి అరిస్తే ఎప్పుడూ కళ్ళు మూసుకునే పిల్ల, ఈసారి మూసుకోలేదు. బడిలో ఎవరేమడిగినా హిందీలో రెండు ముక్కలతో సరిపెట్టేది, అలాంటిది కంచె దాకా పరిగెత్తి, ఇనప చువ్వలు రెండు చేతులా పట్టుకుని, నలభై మంది ముందర, సైకిళ్ళవాళ్ళందరి ముందర, ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"నానే నాన్నా! ఫారం మీద సంతకం ఎట్టు!"

సన్యాసిరావు సైకిలు దిగాడు. స్టాండు వేయడం మరిచిపోతే అది పక్కకి ఒరిగి పడిపోయింది. మసి చేతులు చొక్కాకి తుడుచుకుంటూ కంచె దగ్గరికి వచ్చాడు, చువ్వల మధ్య నుంచి దాని తల మీద చెయ్యి పెట్టాడు.

"ఎందుకే అలగ అరుత్తావు," అన్నాడు. "ఇనపడతంది నాకు."